వెండెల్ నోటుపుస్తకం

డేటన్‌లో తాళాలు బాగుచేసే వెండెల్‌కు చిన్నప్పటి నుంచీ 'హాల్సియన్' అంతరిక్షనౌక కథలంటే ప్రాణం. మూడో సినిమాలో కెప్టెన్‌ను అన్యాయంగా చంపేశారని అలిగి, అచ్చం ఆయన కోటులాగే తను కుట్టుకున్న నీలం కోటును అటకెక్కించాడు. ఇన్నాళ్లకు అదే కథను మొదటి నుంచీ చెబుతూ కొత్త సిరీస్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కళ్లజోడు తుడుచుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, కేవలం తప్పులు పట్టడానికే కూర్చున్నాడు. ఆ అభిమానులందరికీ ఉన్న జబ్బే అది. నౌకలో ఏ దీపం ఎటువైపు ఉండాలో అతనికి కంఠతా.

గంట గడిచి, తెర మీద పేర్లు పడుతున్నాయి. పాప్‌కార్న్ గిన్నె నిండుగా అలాగే ఉంది.

"ఎన్ని దొరికాయేంటి?" అంది భార్య లోరెట్టా.

పుస్తకంలో గీత కూడా లేదు. పెన్ను మూతైనా తీయలేదు.

"కెప్టెన్ కోటు చేతికి నాలుగు పట్టీలుండాలి. మూడే కుట్టారు వెధవలు," అన్నాడు వెండెల్ ముక్కు చీదుతూ.

"మరి రాసుకోలేదేం?"

"అది సరేగానీ, నిచ్చెన ఎక్కడ పెట్టావే?"