బాగుపడని చేతికి చెప్పిన వందనాలు

పోయిన నెలలో మా పక్కింటి అమ్మాయికి తోడుగా పెద్దాసుపత్రికి వెళ్లాను. పక్షవాతం వచ్చిన వాళ్ల నాన్నగారికి వికలాంగుల సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఆ రోజు డాక్టర్లు పరీక్ష చేస్తారట. ఆయన పొద్దున్నే తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లివారింటికి బయల్దేరినట్టు తయారై వచ్చారు. పేరు పిలవగానే చేతికర్ర కూతురికిచ్చేసి, డాక్టరుగారి ముందుకి కర్రతో వెళితే ఏం బాగుంటుందనుకున్నారో ఏమో, గోడ పట్టుకుని నాలుగడుగులు సొంతంగా వేశారు. "కర్ర తీసుకోండి అన్నయ్యగారూ, కర్రతోనే వెళ్లండి" అని నేను పెట్టిన కేకకి బెంచీల మీద కూర్చున్న వాళ్లందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చూస్తే చూడనీండి. నా వయసు వాళ్లయితే అలా చూసి ఉండరు. పెద్దవాళ్ల ముందు, ఆఫీసర్ల ముందు కుంటుతూ కనిపించడమంటే మా తరానికి ఎంత నామోషీయో నాకు తెలుసు, దానివల్ల ఏమవుతుందో కూడా తెలుసు.

డెబ్బైల మొదట్లో మేము బెజవాడ గుణదలలో ఉండేవాళ్లం. మాత చర్చి ఉన్న కొండ కిందే ఇల్లు, మేము వెళ్లే సంఘం వేరు, అయినా తిరునాళ్ల రోజుల్లో మా గుమ్మంలో కుండ పెట్టి యాత్రికులకి నీళ్లు పోయించడం మా అత్తగారికి అలవాటు. మావారు గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ట్రెడిల్ మిషను మీద పనిచేసేవారు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను, ట్రెడిల్ అంటే నోరు తెరిచి మూసే అచ్చు మిషను. అది నోరు తెరిచినప్పుడు ఒక చేత్తో కొత్త కాగితం పెట్టి, ఇంకో చేత్తో అచ్చయిన కాగితం లాగాలి. ఆయన చేస్తుంటే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో! పెళ్లయిన కొత్తలో ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, అన్నం సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయేదాన్ని. బడి పుస్తకాల సీజనులో, ఎండాకాలంలో, విరామం లేకుండా పనిచేస్తున్న ఒక మధ్యాహ్నం ఆ మిషను ఆయన కుడిచేతి మీద నోరు మూసింది.

వేళ్లు తీసేయాలన్నారు మొదట. తర్వాత ఒక పెద్ద డాక్టరుగారు దయతలచి, కుట్టి, కట్టి, ఐదు వేళ్లూ నిలబెట్టారు. ఆయన రుణం ఈ జన్మకి తీరదు. కట్లు విప్పిన రోజున ఐదు వేళ్లూ కళ్లారా చూసుకుని మా అత్తగారు ఆసుపత్రి వరండాలోనే మోకరించింది. ఆ ఆదివారమే కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం అంది. దేవుడు మేలు చేస్తే ఇంటికి నలుగురినీ పిలిచి ప్రార్థన చేయించి, భోజనం పెట్టడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. ఆ మేలు పొందినవాళ్లు లేచి నిలబడి దాన్ని గురించి సాక్ష్యం చెప్పాలి. ఇంటి ముందు చాపలు పరిచాం, ప్రెస్సు నుంచి హెడ్డు గుమాస్తాగారు కూడా వచ్చారు. మావారు లేచి, తల్లి ముందే చెప్పి ఉంచినట్టుగా, ప్రభువు నా చేతిని సంపూర్ణంగా స్వస్థపరిచాడని చెప్పారు. అప్పటికి ఆ వేళ్లకి స్పర్శ లేదు. గుక్కెడు నీళ్ల గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అయినా అది అబద్ధమని మాలో ఎవరికీ తోచలేదు. అడిగినది దొరికిందని నమ్మి ముందుగానే వందనాలు చెప్పాలని, అప్పుడే అది దొరుకుతుందని మా అత్తగారి నమ్మకం. నేనూ అందరితో పాటు గట్టిగానే ఆమేన్ అన్నాను.

ఆ రోజుల్లో కార్మికుల బీమా ఉండేది. సెలవులో ఉన్నంతకాలం కొంత ఇస్తారు, ఆ తర్వాత చెయ్యి శాశ్వతంగా పనికిరాదని డాక్టర్ల బోర్డు తేలిస్తే బతికినంతకాలం నెలనెలా భత్యం ఇస్తారు. ప్రెస్సువాళ్లు అప్పటికే, మిషను పని చేయగలిగితే రా, లేకపోతే లేదు అనేశారు. ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో. భత్యం రాకపోతే సామాన్లు మూటగట్టుకుని కంకిపాడు పక్కన మా అత్తగారి ఊరికి పోవాల్సిందే. అక్కడికి పోయి మాత్రం కొడవలి పట్టలేని చేత్తో ఏం చేస్తాడు మనిషి? నాకు రాత్రీ పగలూ అదే ఆలోచన.

ఇంతకీ బోర్డు ముందుకి మావారు ఎలా వెళ్లారనుకున్నారు? పరీక్షకి వెళ్లే పిల్లాడిలా వెళ్లారు. నేనే చొక్కా ఇస్త్రీ చేశాను, నేనే గుండీలు పెట్టాను, బుద్ధి తక్కువై. డాక్టరుగారు ఎలా ఉన్నావయ్యా అంటే, దేవుని దయవల్ల బాగున్నానండి అన్నారట. పిడికిలి ముయ్యమంటే, నెలల తరబడి రబ్బరు బంతితో చేసిన సాధనంతా కూడగట్టుకుని, పళ్ల బిగువున మూసి చూపించారట. ఆ డాక్టరుగారు శభాష్ అన్నారని ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పారో! ఆయన పరీక్ష పాసై వచ్చారు. మా క్లెయిము ఫెయిలైంది. శాశ్వత నష్టమేమీ లేదు, భత్యం ఇవ్వనక్కరలేదు అని జవాబు వచ్చింది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక వంటింట్లో గిన్నెలన్నీ ఎత్తి కుదేశాను.

ప్రెస్సు వర్కర్ల యూనియన్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన వచ్చి, దీని మీద ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు, జడ్జిగారూ డాక్టర్లూ కలిసి మళ్లీ చూస్తారు, ఇదే ఆఖరి అవకాశం అని ధైర్యం చెప్పి కాగితాలన్నీ ఆయనే పెట్టించారు. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, మీ ఆయన చేత బాగాలేదు అనే మాట ఒక్కటి అనిపించు, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. ఆ ఒక్క మాట అనిపించడం ఎంత కష్టమో ఆయనకేం తెలుసు! రోజూ పొద్దున్నే నేను ఆఫీసరులా పీట మీద కూర్చుని, ఎలా ఉన్నావయ్యా అని అడిగేదాన్ని. ఆయన నవ్వాపుకుంటూ, బాగున్నానండి అనేవారు. నేను తల బాదుకునేదాన్ని. మా అత్తగారు మాత్రం నవ్వేది కాదు. పదిమందిలో స్వస్థత పొందానని చెప్పి, మళ్లీ పదిమందిలో పొందలేదని చెప్పడమంటే దేవుణ్ణి నవ్వులపాలు చేయడం కాదా అని ఆమె బాధ. కడుపు నిండడం నా బాధ. ఆ నెలంతా మేమిద్దరం ఒకే పొయ్యి దగ్గర వండుకుంటూ, ఎదురెదురు పడి మాట్లాడుకోకుండా గడిపాం. మధ్యలో ఆయన నలిగిపోయారు.

విచారణ బందరు రోడ్డులో ఒక పాత మేడ మీద జరిగింది. మా అత్తగారు తానూ వస్తానంది. వద్దనడానికి మాకు నోరు రాలేదు. ఉక్కపోత, మెట్ల నిండా మాలాంటి వాళ్లే, ఎవరి కాలో ఎవరి కన్నో. లోపల పొడుగాటి బల్ల, మధ్యలో జడ్జిగారు, అటూ ఇటూ ఇద్దరు డాక్టర్లు. మమ్మల్ని గోడవార బెంచీ మీద కూర్చోబెట్టి ఆయన్ని ముందు నిలబెట్టారు. ఎలా ఉన్నావని ఎవరూ అడగకపోతే బాగుండునని నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అది అడగలేదు. దాని తాత లాంటిది అడిగారు.

బీమా తరఫు వకీలు లేచి, "ఏమయ్యా, మీ ఇంట్లో ప్రార్థన పెట్టి, చెయ్యి పూర్తిగా నయమైందని పదిమంది ముందు చెప్పావా లేదా?" అన్నాడు. బీమావాళ్లు విచారణకని ప్రెస్సుకి వెళ్లినప్పుడు హెడ్డు గుమాస్తాగారిని అడిగితే, ఆయన విన్నది విన్నట్టు చెప్పారట. మా ఇంట్లో అన్నం తిని మరీ చెప్పాడని నేను చాలాకాలం తిట్టుకున్నాను గానీ, ఆయన తప్పేముంది, మేము పిలిచి వినిపించిందే చెప్పారు. యూనియన్ పెద్దాయన మా వైపు తిరిగి చూశారు. ఈ సంగతి ఆయనకి మేము చెప్పనే లేదు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని మాకు తోస్తేగా!

మావారు ఏమనగలరు? చెప్పలేదంటే అబద్ధం. చెప్పాను, నిజమే అంటే భత్యం లేదు. చెప్పాను గానీ నిజం కాదంటే, వెనకాల బెంచీ మీద తల్లి ఉంది. మా అత్తగారి చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. అది నన్ను ఓదార్చడానికో, తాను నిలదొక్కుకోవడానికో నాకు తెలియలేదు.

"చెప్పానండి" అన్నారాయన చివరికి.

"అంటే అబద్ధం చెప్పావా?"

"అబద్ధం కాదండి. అలా అవ్వాలని చెప్పానండి. మేం అలాగే చెప్పుకుంటామండి."

వకీలు ఇంకేదో అనబోతే జడ్జిగారు ఆపి, ఆయనే మెల్లగా అడిగారు. "మరి అయ్యిందా?"

మావారు వెనక్కి తిరిగి తల్లిని చూశారు. ఆమె తలెత్తలేదు. ఆయన మళ్లీ బల్ల వైపు తిరిగి, కాలేదండీ, అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. గెలవాలని ఏ మాట కోసం నెల రోజులు పోరానో ఆ మాట విన్నాక నాకు ఒక్క పిసరు సంతోషం కూడా కలగలేదు.

అప్పుడు వాళ్లలో పెద్ద డాక్టరుగారు దగ్గరికి పిలిచి, కళ్లు మూసుకోమని, చెయ్యి చాపమని, ఏ వేలు తాకితే ఆ వేలి పేరు చెప్పమన్నారు. సూది తీశారు. మేము కూర్చున్న చోటికి అంతా కనిపిస్తూనే ఉంది. చూపుడు వేలు మీద పొడిచారు. మధ్య వేలు మీద పొడిచారు. మావారు కళ్లు మూసుకుని, చెప్పిన మాట జవదాటని పిల్లాడిలా ఎదురుచూస్తూ నిలబడ్డారు. రెండు వేళ్ల కొసల మీదా చిన్న చిన్న రక్తపు బొట్లు వచ్చాయి. కాసేపాగి ఆయన, "ఇంకా మొదలెట్టలేదాండీ?" అని అడిగారు.

పక్కన మా అత్తగారి నోట్లోంచి, అయ్యో నాయనా, అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆ చేతికి స్పర్శ లేదని ఆమెకి తెలియక కాదు. తెలుసుకోకూడదని అన్నాళ్లూ బిగబట్టుకుని కూర్చుంది, అంతే.

బయటికొచ్చాక మేడ కింద బడ్డీకొట్టు దగ్గర నిలబడ్డాం. యూనియన్ పెద్దాయన టీలు చెప్పి, మనదే గెలుపు, చూస్తూండండి అని ఏవేవో చెబుతున్నారు. మా అత్తగారు కొడుక్కి టీ గ్లాసు అందించబోయింది. కట్లు విప్పిన నాటి నుంచీ ఆమె ఏది ఇచ్చినా, అది జారి నేలపాలైనా సరే, కుడిచేతికే ఇచ్చేది, ఎడమచెయ్యి చాపితే ఊరుకునేది కాదు. ఆయన అలవాటుగా కుడిచెయ్యి చాపారు. ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకి తోసి, గ్లాసు ఎడమచేతిలో పెట్టి, "జాగ్రత్త నాయనా, వేడిగా ఉంది" అంది.

కొన్నాళ్లకి ఉత్తర్వు వచ్చింది. భత్యం మంజూరైంది. కంకిపాడు వెళ్లే అవసరం రాలేదు, పిల్లలు ముగ్గురూ బెజవాడలోనే చదువుకున్నారు, మావారు ఒక పుస్తకాల షాపులో కూర్చుని ఎడమచేత్తో బిల్లులు రాస్తూ పెద్దవారయ్యారు. ఆ భత్యం ఆయన పోయేదాకా నెలనెలా వస్తూనే ఉంది. ఏనాడూ దానికి వంక పెట్టను. మా నోట్లోకి నాలుగు వేళ్లూ వెళ్లాయంటే దాని చలవే.

మా అత్తగారు కుటుంబ ప్రార్థనలో ఇంట్లో ప్రతి మనిషినీ పేరు పెట్టి తలుచుకునేది, ఎవరి అవసరం వారిదిగా దేవుడికి చెప్పేది. విచారణ రోజు దాకా కొడుకు చేతి కోసం అందరికంటే ఎక్కువసేపు ప్రార్థించేది. ఆ తర్వాత చెయ్యలేదు. కొడుక్కి ఆయుష్షు అడిగేది, ఆరోగ్యం అడిగేది, చెయ్యి మాట మాత్రం ఎత్తేది కాదు. నేను కళ్లు మూసుకుని రోజూ ఆ మాట కోసం చూసేదాన్ని, ఇవాళైనా వస్తుందేమోనని. కృతజ్ఞత కూడిక కూడా ఆమె మళ్లీ ఎన్నడూ పెట్టలేదు.

ఇప్పుడు మా బంధువుల్లో ఆ కూడికలు ఫంక్షన్ హాళ్లలో పెడుతున్నారు. ఆపరేషన్ అయి, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చి, డాక్టరు ఇంక రానక్కరలేదన్నాక తేదీ చూసుకుంటున్నారు. తెలివైన పనే, వాళ్లని ఏ వకీలూ నిలదీయలేడు. భోజనాలూ బాగుంటాయి, నేనూ వెళ్లి తృప్తిగా తిని వస్తాను. కానీ చేతిలో ఏమీ లేకుండా, వస్తుందో రాదో తెలియకుండా, వచ్చేసిందని లేచి నిలబడి చెప్పేవాళ్లు ఇప్పుడు ఒక్కరూ కనబడరు. అలాంటి మనిషి మా ఇంట్లో ఒకామె ఉండేది. మా బతుకు నిలబడటం కోసం ఆమెను మేము ఆ మేడ మీద వదిలేసి వచ్చాం.