ఉప్పల్ పాఠంలో ఒక ఊహ

పోయినవారి వలన పొందిన మేలును నలుగురి ఎదుట ఒప్పుకొనడమే స్మృతి. ఈ నాలుగు మాటలూ ఆ ఒప్పుకోలు కోసమే. నాచారంలో మా వీధి సోషల్ టీచరమ్మ గత నెలలో కన్నుమూశారు. వార్త ఫోనులో సందేశంగా వచ్చింది. నమ్మలేక నడిచి వెళ్లాను. ఆ ఇంటి ముందు విడిచిన చెప్పులు చూసిన తరువాతే నమ్మాను.

ఆరో తరగతి సాంఘికశాస్త్ర పుస్తకాన్ని రూపొందించిన బృందంలో ఆమె పనిచేశారు. ఒకే సంఘటనపై రెండు పత్రికల వార్తలను కత్తిరించి పక్కపక్కన అతికించేవారు. చదివిన ప్రతి కాగితం అంచునా పెన్సిలుతో ‘ఎవరన్నరు?’ అని రాసేవారు. నమ్మేముందు అడగడాన్ని పిల్లలకు పుస్తకమే నేర్పాలని ఆమె పట్టుదల.

ఆ పుస్తకంలో భాష సరిచూసే పని నాది. ఉత్పలమనే కలువపువ్వు పేరే ఉప్పల్ అయిందని ‘మన ప్రాంతం’ పాఠంలో ఒక వాక్యం చేర్చాను. ఏళ్ల తరబడి సభల్లో చెప్పి చప్పట్లు అందుకొన్న మాట అది.

“సారూ, ఇది ఏడ సదివిన్రు?” అని అడిగారామె.

“పెద్దలు చెప్పగా విన్నాను.”

“ఏ పెద్దలు? పేరు చెప్పున్రి, కింద రాస్త.”

మాట దాటవేయబోయాను. ఆమె నవ్వారు. “మా అత్తమ్మ గూడ పెద్దమనిషే సారూ. ఉప్పుబండ్లు ఆగేటియి, అందుకే ఉప్పల్ అంటది. ఆమెకు చప్పట్లు కొట్టెటోళ్లు లేరు, గంతే తేడా.”

రెండు మాటలూ పాఠంలో చేరాయి. నా వాక్యం కింద ‘ఒక పండితుని ఊహ, ఆధారం దొరకలేదు’ అని రాశారు. తర్కశాస్త్రంలో ప్రమాణాలు చదువుకొన్న నాకు అది అవమానంగా తోచింది. ఊహ అన్న మాట తీసేయాలని, లేదంటే పుస్తకంలో నా పేరే వద్దని కబురు పంపాను. ఆమె స్వయంగా వచ్చారు.

“పేరు తీస్త సారూ, ఊహ మాత్రం తియ్య. మీ అసుంటి పెద్దమనిషి మాటనే అడగొచ్చని తెలిస్తె, పోరలు రేపు ఫోన్ల వచ్చిందాన్ని గూడ అడుగుతరు.”

పేరు ఉంచమని మరునాడు నేనే వెళ్లి చెప్పాను. పుస్తకం అలాగే అచ్చయింది.

ఆమె పోయిన పన్నెండో నాడు, మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూతురు ఆ పుస్తకం పట్టుకొని మా గేటు తీసింది.

“ఈ పుస్తకంల పేరున్న పండితుడు నువ్వేనా తాతా? కలువపువ్వని నీకెవరు చెప్పిన్రు?”

“తెలియదమ్మా. నేనే అనుకొని ఉంటాను,” అన్నాను. నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఆ పిల్ల మెట్టుమీద కూర్చుని, పుస్తకం మోకాలిపై ఉంచుకొని, నా మాటను పొల్లుపోకుండా రాసుకొంది. “ఇంకెవర్ని అడగాల్నో చెప్పు,” అంటూ లేచింది.

అడిగే పిల్లలకు ఆయుష్షు కలుగుగాక. వారు తట్టిన ప్రతి ఇంటా తెలిసినవారు తెలిసినంతే చెప్పుదురుగాక. తెలియనివారు తెలియదని చెప్పే ధైర్యం పొందుదురుగాక.