రాయి దిగేదాకా

ఆ రోజు పొద్దున తొమ్మిదో తరగతికి బంతి పాఠం చెప్పాను. పైకి విసిరిన బంతి వేగం తగ్గుతూ పోతుంది, కొసకు చేరగానే సున్నా అవుతుంది, ఎంతసేపు ఎక్కిందో అంతసేపే దిగుతుంది. సుద్దముక్కను ఎగరేసి పట్టుకుని మరీ చూపించాను. తెలంగాణ ఇంకా రాని రోజులవి. గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచరమ్మను. ఆ పాఠం నాకు నిద్రలో లేపినా వచ్చు.

మా ఇల్లు బడి వెనకాలే, ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి దగ్గర. పైన సిమెంటు రేకులు. మధ్యాహ్నం సైరన్ మోగిందంటే గనిలో మందు పేలుస్తారని అర్థం. ఒక్కోసారి రాళ్లు మా వాడ దాకా ఎగిరొచ్చేవి. అందుకని రేకుల ఇళ్లవాళ్లమంతా తింటున్న పళ్లేలతో సహా ఎదురుగా ఉన్న స్లాబు ఇంట్లోకి పోయేవాళ్లం. పేలుడు వినపడ్డాక మా అత్తమ్మ ఇరవై దాకా లెక్కపెట్టేది. అప్పటిదాకా ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. బడి ముఖం చూడని మనిషి, ఇరవైకి మించి లెక్క రాదు కాబట్టి అక్కడ ఆపుతుందని లోలోపల నవ్వుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా, ఆ మాత్రం పొగరు ఉండదా మరి.

ఆ మధ్యాహ్నం కూడా సైరన్ మోగింది. నాలుగేళ్ల నా బిడ్డ ఎర్ర బంతిని వాకిట్లోనే వదిలేసి నా వెంట వచ్చింది. కాసేపటికి భూమి అదిరింది. కిటికీలు గలగలలాడాయి. నాకేమో బడికి ఆలస్యమవుతోంది. అత్తమ్మ ఇంకా "మూడు, నాలుగు" అంటోంది.

"అయిపోయింది, పో, బంతి తెచ్చుకో," అన్నాను బిడ్డతో.

"ఆగు బిడ్డా, రాయి ఇంకా మీదనే ఉంటది," అంది అత్తమ్మ. అప్పటికే పిల్ల వాకిట్లో ఉంది.

అది బంతి వైపు చూడటం లేదు. తల పైకెత్తి, రెండు చేతులూ చాచి నిలబడింది. బంతి పట్టుకోవడం నేను నేర్పింది అట్లాగే. నేనూ పైకి చూశాను. ఆకాశంలో ఒక నల్లటి చుక్క. గడపలోనే నిలబడిపోయాను. నా పైప్రాణాలు పైనే పోయాయి.

అత్తమ్మ నన్ను పక్కకు నెట్టి ఉరికింది. పిల్లను రెక్క పట్టి గుంజింది. మరుక్షణం రాయి పిల్ల నిలబడ్డ చోటే పడింది. వాకిట్లో చిన్న గుంత పడింది.

పిల్ల ఏడ్చింది, భయానికి కాదు, రెక్క నొప్పికి. "అమ్మనే పొమ్మన్నది నానమ్మా," అంది. అత్తమ్మ దాన్ని ఎత్తుకుని స్లాబు కిందికొచ్చి, ఆపిన దగ్గర్నుంచి లెక్క అందుకుంది. "ఐదు, ఆరు."

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి గుంత చూశాడు. "పిల్లను ఎవరు పోనిచ్చిన్రు?" అన్నాడు.

నేను పొయ్యి వైపు తిరిగాను.

"నేనే కొడుకా. లెక్క తప్పిన," అంది అత్తమ్మ.

తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె తలొంచుకుని విన్నది. నేను పొయ్యి దగ్గర నిలబడి అన్నీ విన్నాను, నోరు మెదపలేదు. సిగ్గుకన్నా భయమే ఎక్కువ నాకు. ఆ నిజం ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మరునాడు సైరన్ మోగగానే పిల్లను ఒళ్లో బిగించుకుని ఆమె పక్కన కూర్చున్నాను. పేలుడు వినపడింది. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఇరవై దగ్గర నేను ఆగాను. ఆమె ఆగలేదు. ఇరవై ఒకటి అంది, ఇరవై రెండు అంది, ఇరవై మూడు అంది.