గేటు మీద తువ్వాలు

మా వరుసలో ఏ ఇంటి గేటు మీదైనా పొడి తువ్వాలు వేసి ఉంటే, ఆ ఇంట్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి నిద్రపోతున్నాడని అర్థం. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. సారపాకలో కాగితం మిల్లు గోడకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల ఉన్న మా రేకుల ఇళ్లలో నేను పుట్టక ముందు నుంచీ ఉంది. కూరగాయలామె, చేపలామె, పాత ఇనుము కొనే మనిషి, అందరూ ఆ తువ్వాలు చూసి నోరు మూసుకుని నడిచేవాళ్లు. రెండిళ్లు దాటాక మళ్లీ కేక అందుకునేవాళ్లు.

మూడు వారాలకోసారి మా గేటు మీద నాన్న తువ్వాలు ఉండేది. ఎర్ర గళ్లది, అంచు పీచులు లేచినది.

నా చిన్నప్పుడు నాన్నకు నిద్ర పెద్ద విషయం కాదు. మిల్లు నుంచి వచ్చి, చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని, చాప మీద ఒరిగితే చాలు. ఆయన వీపు మీద కూర్చుని నేను పలక మీద గీతలు గీసినా లేచేవాడు కాదట. నలభై దాటాక వెలుతురు ఓర్చుకోలేకపోయాడు. అమ్మ కిటికీకి నల్ల దుప్పటి కట్టింది. ఆ తర్వాత చప్పుడు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు కాబట్టి రాత్రి షిఫ్టు వారాల్లో పప్పు సాయంత్రమే ఉడికేది. బకెట్‌లో నీళ్లు పడే శబ్దానికి లేస్తున్నాడని అమ్మ కుళాయి మూతికి పాత గుడ్డ కట్టి, దాని కొస బకెట్ అడుగుకు తగిలేలా వదిలింది. నీళ్లు ఆ గుడ్డను పట్టుకుని చప్పుడు లేకుండా జారేవి. చివరి ఏళ్లలో గడియ తీసిన శబ్దం కూడా ఎక్కువైంది. గడియకూ గుడ్డ చుట్టాం. నాన్న వయసు పెరిగే కొద్దీ ఇల్లు మూగదవుతూ వచ్చింది.

నేను పెరిగింది ఆ ఇంట్లోనే. అమ్మా నేనూ సైగలతో సగం, పెదవులతో సగం మాట్లాడుకునేవాళ్లం. బడిలో పాఠం చదవమని నిలబెడితే నా గొంతు ముందు బెంచీ దాకా కూడా వెళ్లేది కాదు. "నోట్లో పిప్పరమెంటు పెట్టుకున్నవా?" అనేది మా టీచరు. అందరూ నవ్వేవాళ్లు. పుస్తకాలతో ఆ ఇబ్బంది లేదు. పేజీ కొస తడిపి మెల్లగా తిప్పితే పక్కనున్న మనిషికి కూడా తెలియదు. డైరీ రాసే అలవాటూ అలాగే వచ్చిందనుకుంటాను. చెప్పాలనుకున్నది చప్పుడు లేకుండా చెప్పడానికి ఇంకో దారి కనిపించలేదు.

మేం చర్చికి పోయేవాళ్లం. పడుకునే ముందు ముగ్గురం మోకరించి ప్రార్థన చేయాలి. కానీ మా ముగ్గురికీ పడుకునే వేళ ఎప్పుడూ ఒకటి కాదు. పొద్దున షిఫ్టు వారంలో నాన్న కోసం ఇంకా వెలుతురుండగానే ప్రార్థన అయిపోయేది. మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఆయన లేకుండానే చేసుకుని, ఆయన కంచం మీద మూత పెట్టి పడుకునేవాళ్లం. రాత్రి షిఫ్టు వారంలో నాన్న టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని బూట్లతోనే మోకరించేవాడు. "రాత్రి పని చేసేవాళ్ల రెప్పలు నువ్వే కాపాడు ప్రభువా" అని అమ్మ ప్రతిసారీ అదే మాటతో ముగించేది. నాన్న వెళ్లగానే తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, మంచం మీద అడ్డదిడ్డంగా పడుకుని హాయిగా నిద్రపోయేది. అమ్మ నిజంగా నిద్రపోయింది ఆ వారాల్లోనే. నాన్న ఇంట్లో ఉన్న రాత్రులు, తెల్లవారుజామున ఆయన్ను లేపాలన్న భయంతో సగం మెలకువగా ఉండేది.

నేను భద్రాచలంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా నాన్న రిటైరయ్యాడు. సెక్షన్ వాళ్లంతా కలిసి శాలువా కప్పి ఒక సెల్‌ఫోన్ ఇచ్చారు. ఆ రోజు అమ్మ కోడికూర వండింది. మంచం మీద కొత్త దుప్పటి పరిచింది.

"ఇగ ఏ షిఫ్టూ లేదు. అందర్లెక్క రాత్రి పండుకో, పొద్దున లే" అంది.

"అవ్. జీవితంల మొదటిసారి" అని నాన్న నవ్వాడు.

పొద్దున నేను లేచేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కొత్త గద, పడతది" అన్నాడు.

ఆ వారం పడలేదు. తర్వాతి వారం పడింది. మేం సంతోషించేలోపు మళ్లీ పోయింది. కొన్ని రోజులు పొద్దు గూకకముందే తూగేవాడు, కొన్ని రోజులు తెల్లారేదాకా గదిలో నడిచేవాడు. అమ్మ వంటింట్లో నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది: "ఈ వారం మీ నాయినది రాత్రి షిఫ్టు." చూస్తే నిజమే. ఆయన పనిలో ఉండి ఉంటే ఏ వారం ఏ షిఫ్టు వచ్చేదో, ఆయన ఒళ్లు ఆ వారం అదే చేస్తోంది. కొన్ని నెలలకు మిగతా రెండూ పోయి, రాత్రి షిఫ్టు ఒక్కటే నిలిచిపోయింది. రాత్రంతా కూర్చునేవాడు. తెల్లారాక నల్ల దుప్పటి చాటున పడుకునేవాడు. అమ్మ ఆలోచించకుండానే గేటు మీద తువ్వాలు వేసేది. అందులో తప్పేముందో నాకూ తోచలేదు.

పక్కింటి అత్తకు తోచింది. వాళ్లాయన నాన్న సెక్షన్‌లోనే పని చేస్తాడు.

"ఏంది వదినా, అన్న మళ్ల డ్యూటీకి పోతుండా? గేటు మీద తువ్వాలున్నది!"

"లేదమ్మా, జర నిద్ర పడతలేదు."

"రిటైరైనోళ్లకు గూడ తువ్వాలేంది వదినా? మా ఆయన చూస్తే రేపు గిట్లనే నేను గూడ తువ్వాలేసుకుని పండుకుంటనంటడు!"

ఆమె పగలబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తర్వాత, ఎండలో మర్చిపోయిన బట్ట తెచ్చుకున్నట్టు, తువ్వాలు మడిచి లోపలికి తెచ్చేసింది.

మరునాడు చేపలామె సరిగ్గా మా గేటు ముందు నిలబడి కేక వేసింది. నాన్న లుంగీ సరిచేసుకుంటూ బయటికి వచ్చాడు. "ఏమ్మా, కండ్లు కనబడతలేవా?" అనబోయి గేటు వైపు చూశాడు. గేటు మీద ఏమీ లేదు. చేపలామె మొహం చిన్నబుచ్చుకుని నిలబడింది. నాన్న లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని వీపు చూస్తేనే తెలుస్తోంది.

వంతెన దాటి భద్రాచలంలో దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు చిన్నవాడు, ఓపికగా విన్నాడు. వయసు మీద పడ్డాక నిద్ర ఎటూ పలచబడుతుందని, పగలు పడుకోనిస్తే రాత్రి రాదని చెప్పాడు. పగలు ఎట్టి పరిస్థితుల్లో పడుకోనివ్వకండి, ఎండలో తిప్పండి, సాయంత్రం తర్వాత టీ ఇవ్వకండి, రోజూ ఒకే వేళకు మంచం ఎక్కించండి అన్నాడు. తిరుగు ఆటోలో నాన్న గోదావరి వైపు చూస్తూ అన్నాడు: "ఆ పిల్లగాని కండ్లే నా కండ్ల కన్న ఎర్రగున్నయ్. నాకు నిద్ర నేర్పిస్తడట."

అమ్మ దుప్పటి విప్పేసింది. కుళాయికి కట్టిన గుడ్డ, గడియకు చుట్టిన గుడ్డ తీసేసింది. మధ్యాహ్నం కుక్కర్ పెట్టింది, మిక్సీ వేసింది. ఏళ్ల తరబడి అణచిపెట్టిన చప్పుళ్లన్నీ ఇంట్లోకి వచ్చాయి. నాన్నను మెలకువగా ఉంచే పని నాకు అప్పగించారు. మధ్యాహ్నాలు వరండాలో ఆయన పక్కన కూర్చుని పేపరు పైకి చదవాలి.

"గట్టిగ చదువు బిడ్డా."

"గట్టిగానే చదువుతున్న నాన్న."

"నీ మాట నీకైన వినబడుతుందా?"

వంటింట్లో నుంచి అమ్మ అందుకుంది. "దాని నోరు నొక్కింది ఎవరయ్యా? ఊఁ అంటే లేస్తివి, ఆఁ అంటే లేస్తివి. ఇప్పుడు గట్టిగ చదువంటే ఏడికెల్లి వస్తది?"

నాన్న పేపరు అంచును రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఏ కాగితం చేతికి వచ్చినా ఆయనకు అదే అలవాటు. "సరే, నీకొచ్చినట్టే చదువు. ఏడున్నం?"

"మిర్చి ధర."

"చదువు."

పగటి వెలుతురులో నాన్నను అంత దగ్గరగా అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసింది దుప్పటి చాటున ఒక వీపు, బూట్లతో మోకరించిన ఒక ఆకారం. చెవుల్లో తెల్ల వెంట్రుకలు, మెడ దగ్గర వదులైన చర్మం, నోరు తెరిచి పక్కకు వాలే తల, ఇవన్నీ ఎప్పుడు వచ్చాయో తెలియదు. తల వాలినప్పుడల్లా నేను భుజం తట్టాలి. తట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడి, "ఏమైంది? మెషిన్ ఆగిందా?" అనేవాడు. తర్వాత చుట్టూ చూసి, నన్ను చూసి, సిగ్గుపడి కూర్చునేవాడు. రోజులో ఎన్నిసార్లు తట్టినా అదే మాట. రాను రాను నా చేయి ఆయన భుజం దాకా వెళ్లడానికి వెనకాడేది.

అంత చేసినా రాత్రి నిద్ర రాలేదు. ఒకే వేళకు మంచం ఎక్కేవాడు. కళ్లు తెరుచుకుని రోడ్డు అవతల మిల్లు శబ్దం వింటూ ఉండేవాడు. ఏళ్లుగా అందులోనే బతికిన మాకు అది వినిపించనే వినిపించదు. అది మారినా, ఆగినా ఆయనకు తెలిసేది. ఒకరోజు ప్రార్థన అయ్యాక మోకాళ్ల మీదే ఉండి అమ్మతో అన్నాడు:

"రాత్రి కండ్లు మూస్తే భయమైతదే. తప్పు చేసినట్టుంటది. ఎవరో వచ్చి చూస్తరనిపిస్తది."

"ఎవరొస్తరయ్యా, నీ ఇంట్ల, నీ మంచం మీద?"

"నాకు తెల్వదా? తెల్సు. ఈ రెప్పలకే తెల్వది."

రాత్రి పూట రెప్ప వాల్చకపోవడమే ఆయన మంచి పేరు. ఒక్కసారి కూడా కునుకు తీస్తూ దొరకలేదని సెక్షన్‌లో అందరూ చెప్పుకునేవాళ్లు. శాలువా కప్పిన రోజు కూడా అదే చెప్పారట.

ఆయనతో పాటు అమ్మకూ నిద్ర దూరమైంది. పక్కన ఒక మనిషి కళ్లు తెరుచుకుని ఉంటే ఆమెకు కళ్లు మూతపడేవి కావు. కుర్చీ అడ్డం పెట్టిన తలుపు, ఖాళీ మంచం, ఆ వారాలు ఇక రావు. పగలు నిలబడే తూగేది. బెండకాయలు కోస్తూ తూగి వేలు కోసుకుంది. నాన్నేమో తిండి తగ్గించాడు. పొద్దునంతా వీధిలో ఎండకు తిరిగి వచ్చి, గోడ పట్టుకుని చెప్పులు విప్పేవాడు. అప్పటిదాకా ఆయన గోడ పట్టుకోవడం చూడలేదు.

వానాకాలం వచ్చింది. గోదావరి పెరుగుతోందని పేపర్లో రోజూ రాస్తున్నారు. ఒక మధ్యాహ్నం భద్రాచలం దగ్గర నీటి మట్టం చదువుతుండగా నాన్న తల వాలింది. నేను చదవడం ఆపి చేయి చాపాను. వెనక నుంచి అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె వేలికి ఇంకా గుడ్డ కట్టి ఉంది.

"లేపకు."

"డాక్టరు లేపమన్నడు కదమ్మా."

"డాక్టరు ఇంటికి పోయి పండుకుంటడు. ఈయన ఏడ పండుకోవాలె?"

ఇద్దరం కలిసి మెల్లగా నాన్నను మంచం దాకా నడిపించాం. ఆయన సగం నిద్రలోనే నడిచాడు. "తువ్వాలు లేదుగా" అని గొణిగాడు. అమ్మ స్టూలు ఎక్కి నల్ల దుప్పటి మళ్లీ కట్టింది. పెట్టెలోంచి ఎర్ర గళ్ల తువ్వాలు తీసింది.

నేను కిటికీ సందులోంచి చూశాను. పక్కింటి అత్త అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. అమ్మ ఆమె వైపు చూడకుండా గేటు మీద తువ్వాలు వేసి, రెండు చేతులతో ముడతలు సరిచేసి అక్కడే నిలబడింది. అత్త ఏమైనా అంటుందని ఎదురుచూసినట్టుంది. అత్త బియ్యం ఏరుతూనే ఉంది. అంతలో మూల తిరిగి చేపలామె వచ్చింది. గంప సరిచేసుకుని నోరు తెరవబోతుంటే, అత్త చేట కింద పెట్టి, చేయి ఎత్తి పెదవుల మీద వేలు పెట్టింది.

సాయంత్రం అమ్మ నాన్నను పాత రోజుల్లోలాగే లేపింది. మొహం కడుక్కున్నాడు, టీ తాగాడు. ప్రార్థనలో ఆ రోజు అమ్మ మాటను ఆయనే అన్నాడు. రాత్రి పని చేసేవాళ్ల రెప్పలు కాపాడమన్నాడు. లేచి కుర్చీ వరండాలో వేసుకున్నాడు. అమ్మ తలుపు దగ్గరికి వేసింది, కానీ ఏమీ అడ్డం పెట్టలేదు. నేను డైరీ మూసేలోపే ఆమె గురక వినిపించింది.

అప్పటి నుంచి మా ఇల్లు అలాగే నడుస్తోంది. కుళాయికి మళ్లీ గుడ్డ కట్టాం. అమ్మా నేనూ మళ్లీ పెదవులతో మాట్లాడుకుంటున్నాం. వాళ్లిద్దరూ ఒకేసారి మెలకువగా ఉండేది సాయంత్రం టీ నుంచి ప్రార్థన దాకా మాత్రమే. అమ్మ దుప్పటి కప్పుకునేసరికి నాన్న వరండాలో ఉంటాడు, ఆయన పడుకునేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది.

మొన్న రాత్రి నేను పక్క వేసుకుని పుస్తకం తెరిచాను. రోడ్డు అవతల మిల్లు వైపు ఏదో తేడా వచ్చినట్టు అనిపించింది, ఏమిటో తెలియలేదు.

"ఆగింది" అన్నాడు నాన్న, వరండా చీకట్లో, తనలో తను అనుకున్నట్టు.

"అవ్ నాన్న" అన్నాను.

ఆయనకు వినబడలేదు.