క్యాంటీన్ పొయ్యి ఎక్కడుంది

మొదటి లాక్‌డౌన్ సడలించాక మేం వలస వచ్చి స్థిరపడ్డ ఊళ్లో, ఖటోదరా పేటలోని ఒక బట్టల మిల్లు నన్ను మళ్లీ పిలిచింది. రిటైరైన నాకు వాళ్లు అప్పగించింది పాత పనే: ఖాతాల్లో రాసి ఉన్న యంత్రాలు, సామాన్లు నిజంగా ఉన్నాయా అని ఒక్కొక్కటీ చూసి సరిపోల్చడం. మగ్గాలు, మోటార్లు, బీరువాలు అన్నీ సరిపోయాయి. క్యాంటీన్‌లో ఉండాల్సిన పెద్ద గ్యాస్ పొయ్యి మాత్రం లేదు. దాని కాళ్ల మచ్చలు నేల మీద ఉన్నాయి.

స్టోర్‌కీపర్ మా జగిత్యాల వైపు మనిషి. మాస్కు కిందికి లాగి గొంతు తగ్గించాడు.

"సార్, అది ఉన్నది. జర టిక్కు పెట్టుండ్రి."

"ఉన్నదని నువ్వంటే సరిపోదు. నేను చూడాలె."

"చూస్తే రాస్తరు. గేట్‌పాస్ లేకుంట సామాను బయటికి పంపిన. సేఠ్‌కు తెలిస్తే నా నౌకరి పోతది సార్."

"ముందు మాస్కు మీదికి జరుపు. తర్వాత నన్ను తోల్కపో."

మా వీధి వెనకాలే, మన తెలుగు కార్మికులుండే గల్లీకి తీసుకెళ్లాడు. టార్పాలిన్ కింద పొయ్యి మండుతోంది. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి వాళ్ల గదుల్లో తిండి లేనప్పుడు దాన్ని తోపుడు బండి మీద పంపాడట. ఇప్పుడు జ్వరాలున్న ఇళ్లకు వండుతున్నారు. పొయ్యి మీద మిల్లు వేసిన నంబరు కోసం వంగి చూస్తుంటే, గరిటె తిప్పుతున్న ఆవిడ నవ్వింది.

"ఏంది పెద్దయ్యా, పొయ్యిల దూరుతున్నవ్?"

"నంబరు చూస్తున్ననమ్మా."

"నంబరు తింటే కడుపు నిండుతదా? మీ ఇద్దరికి జొరమొచ్చినప్పుడు కిచిడీ డబ్బ మీ గడపల పెట్టింది నేనే. మీ ఆమెకు ఇప్పుడెట్లున్నది?"

ఆ డబ్బా ఎవరిదో అప్పటిదాకా మాకు తెలియదు. కడిగి గడపలో పెడితే మర్నాడు నిండి ఉండేది. ఆ రోజుల్లో నా భార్య గొంతు దిగింది అదొక్కటే. "మంచిగున్నదమ్మా" అన్నాను.

నంబరు సరిపోయింది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను: పొయ్యి ఉంది, చోటు మారింది, గేట్‌పాస్ లేదు, పని చేస్తోంది. కింద ఇంకో వాక్యం చేర్చాను. దీని మీద వండిన తిండి నేనూ నా భార్యా తిన్నాం. కనుక ఈ ఒక్క వస్తువు విషయంలో నా మాటను మరొకరి చేత సరిచూయించుకోవచ్చు.

సేఠ్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అడగకుండా పంపినందుకు స్టోర్‌కీపర్‌ను హిందీలో బాగా తిట్టాడు. అతడు తల వంచుకుని విన్నాడు. తర్వాత సేఠ్ పాత తేదీ వేయించకుండా ఆ రోజు తేదీతోనే గేట్‌పాస్ రాయించి, ఎప్పుడు తిరిగొస్తుందని అడిగాడు.

"జొరాలు తగ్గినంక, సేఠ్" అన్నాడు స్టోర్‌కీపర్.

సేఠ్ సంతకం పెట్టి, అతణ్ని రేపు పొద్దున్నే డ్యూటీకి రమ్మన్నాడు.

బయటికి రాగానే స్టోర్‌కీపర్ నాకు దండం పెట్టబోయాడు. దండం పెట్టాల్సింది నేను. అతడి రెండు చేతులూ పట్టుకున్నాను. ఎవరినీ ముట్టుకోకూడని రోజులవి. ఆ సంగతి గుర్తుకొచ్చినా చాలాసేపు వదల్లేకపోయాను.