పై ట్యాంకు నీళ్ళు

ఆవిడ ఆరోగ్య విభాగంలో ఇన్‌స్పెక్టరు. చెప్పాపెట్టకుండా హోటళ్ళ వంటిళ్ళలో దూరి మూతలు తీసి చూడటం, గిన్నెల్లో ముక్కు పెట్టి వాసన చూడటం ఆవిడ పని. ఏళ్ళ తరబడి బొద్దింకలతోను, బూజుతోను, నల్లగా కాగిపోయిన నూనెతోను కాపురం చేసి చేసి, బయట ఎక్కడా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి అయిపోయింది. "నీతో హోటల్‌కి రావడం కంటే పస్తుండటం నయం" అని భర్త విసుక్కునేవాడు.

అంతగా చీదరించుకునే మనిషి ఒక్క చోటు గురించి మాత్రం ముద్దుముద్దుగా మాట్లాడేది. అది కాలేజీ హాస్టల్లో ముగ్గురు కలిసి ఉన్న గది.

నిజం చెప్పాలంటే అదీ పరమ రోతే. ఆరని బట్టల ముక్కిన వాసన. ముగ్గురికీ ఒకటే తువ్వాలు, అది ఎవరి వంతు వచ్చినా తడిగానే ఉండేది. హీటర్ కడ్డీ పెట్టి ప్లాస్టిక్ మగ్గులో కోడిగుడ్లు ఉడకబెట్టుకునేవాళ్ళు. తెల్లారితే అదే మగ్గుతో స్నానాలు. ఈ మాట చెప్పినప్పుడల్లా కూతురు "ఛీ, అమ్మా!" అని మొహం అటు తిప్పుకునేది. ఆవిడ మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేది.

వాసన పసిగడుతుందని అప్పట్లో ఆవిడ పేరు ముక్కు. నిద్ర లేవని పిల్ల మొద్దు. ఎప్పుడు చూసినా గది ఊడుస్తూ ఉండే పిల్ల చీపురు. ఒకసారి ముక్కుకి జ్వరం ముదిరి మంచం మీదే వాంతి చేసుకుంటే, గుడ్డ దొరక్క చీపురు దోసిళ్ళతో ఎత్తి పోసింది. సిగ్గుతో చచ్చిపోతూ ఈవిడ "వద్దే" అంటే, "నీది నాకు అసహ్యమేంటే, పిచ్చిదానా" అంది. ఆ మాట ఈవిడ మనసులో పాతుకుపోయింది. చదువులయ్యాక మొద్దుతో ఫోన్లు సాగాయి గానీ, చీపురు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఆడపిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతున్నారని ఫిర్యాదు వస్తే, ఆవిడే తనిఖీకి వెళ్ళింది. ఆఫీసు గది తలుపు తోసిందో లేదో, "ఒసేయ్ ముక్కూ!" అని కేక వినబడింది.

బల్ల వెనక నుంచి లేచి వచ్చింది చీపురు. ఒళ్ళు వచ్చింది, జుట్టుకి రంగు పడింది, నవ్వు మాత్రం అదే. ఇద్దరూ వాటేసుకున్నారు. ఆ హాస్టల్ చీపురిదేనట. గది అద్దంలా ఉంది, బల్ల మీద వేలు రాసినా దుమ్ము అంటలేదు. తువ్వాలు, మగ్గు, మొద్దు గురక, ఒకటేమిటి, అన్నీ తవ్విపోసుకున్నారు. ఈలోగా వంటావిడ ఐసు ముక్కలు వేసిన నిమ్మరసం తెచ్చి పెట్టింది. ఎక్కడా గుక్కెడు నీళ్ళు తాగని మనిషి గటగటా తాగేసింది. చీపురు తన గ్లాసు పక్కకి జరిపి, సొరుగులోంచి కొన్న నీళ్ళ సీసా తీసి మూత తిప్పింది. అది అప్పుడు ఈవిడ పట్టించుకోలేదు.

"ఇక వచ్చిన పని చూసుకుంటానే" అంది లేస్తూ.

"ఏం చూస్తావే? అంతా బాగుందని రాసేసి, సాయంత్రం ఇంటికి రా. పిల్లలకి రోజూ ఒక వంక. ఇవాళ కడుపునొప్పి, రేపు తలనొప్పి."

ఈవిడ నవ్వేసి వంటింట్లోకి వెళ్ళింది. ఆ నవ్వు గడప దగ్గరే ఆగిపోయింది. గోడల నిండా జిడ్డు పెచ్చులు కట్టింది. కూరగాయలు తరిగే చెక్క సందుల్లో పాచి. పిండి డబ్బాలో తెల్లని పురుగులు. తూము దగ్గర నిన్నటి ఎంగిలి మెతుకులు ఉబ్బి, వాటి మీద ఈగలు ముసురుకుని ఉన్నాయి. బొద్దింకలు మనిషి అలికిడికి పారిపోవడం కూడా మానేశాయి. దారి చూపించడానికి వంటావిడ వెంట రాగా, మెట్లెక్కి డాబా మీదకి వెళ్ళింది.

ట్యాంకు మూత సగం విరిగిపోయి ఉంది. ఆవిడ వంగి టార్చి వేసింది. నీళ్ళ మీద నూనెలా మీగడ తేలుతోంది, అందులో ఈకలు. ఒక పావురం ఉబ్బిపోయి, ఒళ్ళు వీడిపోయి, తీగలుగా సాగుతోంది. అడుగున ఇంకేవో ఉన్నాయి. ఆ కుళ్ళు వాసన గొంతులోకి దిగింది.

"ఇందాకటి ఐసు ఏ నీళ్ళతో పెట్టావు?"

వంటావిడ తలొంచుకుంది. "ఈ నీళ్ళేనమ్మా. మా వంటింట్లోకి వచ్చేవి ఇవే."

చీపురు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. 

"నీకు తెలుసా ఇది?" అంది ఆవిడ.

"మూత విరిగిందని తెలుసు. ట్యాంకు కడిగించాలంటే రెండు రోజులు నీళ్ళు ఆపాలి, పరీక్షల్లో ఎలా కుదురుతుందే?"

"తెలిసి, నేను తాగుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"ఒక్క గ్లాసుకి ఏమవుతుందే? పిల్లలు రోజూ తాగుతున్నారు కదా!"

ఆ మాట వింటూనే ఆవిడ పిట్టగోడ పట్టుకుని అక్కడే భళ్ళున కక్కేసింది. వంటావిడ పరుగెత్తుకొచ్చి నుదురు పట్టుకుంది. చీపురు రెండడుగులు వెనక్కి వేసి, చీర కుచ్చెళ్ళు పైకి ఎత్తి పట్టుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఎవరక్కడ? ఫినాయిల్ పట్రండి!" అని కిందికి కేకేసింది.

ఆవిడ మూతి తుడుచుకుని, నీళ్ళ శాంపిళ్ళు పట్టి, వంటింటికి తాళం వేసి సీలు పెట్టి, హాస్టల్ మూసెయ్యమని రాసింది. చీపురు మొదట బతిమాలింది, తర్వాత ఏడ్చింది, ఆఖరికి గొంతు పెంచింది.

"నీ వాంతి ఎత్తిన చేతులే ఇవి! మర్చిపోయావా?"

"మర్చిపోతే ఇంత అసహ్యం వేసేది కాదు" అంది ఆవిడ.

ఇంటికొచ్చి ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ రుచి పోలేదు. నిమ్మకాయ కనబడితే ఒళ్ళు జలదరించింది. మొద్దుకి ఫోన్ చేసి అంతా వెళ్ళగక్కింది. మొద్దు ఆశ్చర్యపోలేదు. 

"దానికిదేం కొత్త కాదులేవే. ఊడ్చిన చెత్తంతా నా మంచం కిందకి తోసేది. నేను ఎలాగూ లేచేదాన్ని కాదుగా!"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నీకు అదంటే అంత ముద్దు. ఏం చెప్పను?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. పోనీ ఆ దోసిళ్ళు అబద్ధమా అంటే, అదీ కాదు. జ్వరంలో కళ్ళారా చూసింది. ఏది చెరిపెయ్యాలో, ఏది ఉంచుకోవాలో తేలక ఫోన్ పెట్టేసింది.

మర్నాడు వాంగ్మూలాల కోసం ఆసుపత్రికి వెళ్ళింది. ఒకే గదిలో ఉండే ముగ్గురు ఆడపిల్లలు పక్కపక్క మంచాల మీద పాలిపోయి పడి ఉన్నారు. సెలైన్లు ఎక్కుతూనే ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటున్నారు.

"మేడం, హాస్టల్ మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?" అంది అందులో గడుసుది.

"ఆ కొంపకి మళ్ళీ వెళ్తారా? ఏం తాగారో తెలుసా మీరు?"

"తెలుసండీ, తలుచుకుంటేనే డోకొస్తోంది. కానీ వేరే హాస్టల్లో ముగ్గుర్నీ తలో గదిలో పడేస్తారట. ఇదేమో నేను లేపకపోతే నిద్ర లేవదు" అంటూ పక్క మంచం వైపు చూపించింది.

మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. ఆవిడకి నవ్వు రాలేదు. వాళ్ళ తలగడల మీది మరకలు, మంచం కింద నిండిన బేసిన్, గదంతా పులిసిన కంపు. ముక్కు మూసుకోబోయి, మానేసి, వరండాలోకి వచ్చింది. పిల్లల్ని చేర్చుకుంటామన్న కొత్త హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసింది.

"ఆ ముగ్గురికీ ఒకే గది ఇవ్వండి. ఇచ్చేముందు నేనొచ్చి చూస్తాను. ట్యాంకు మూత తీయించి ఉంచండి."