లూర్దమ్మ వంతు జవాబు

1955 జూన్‌లో నన్ను కోసిగి పక్కనున్న ఒక పల్లెకు ఉపదేశిగా వేశారు. మా కొలువులో మెట్లు మూడే. పైన పీఠాధిపతి అనే బిషప్పు, ఆయన కింద విచారణను, అంటే కొన్ని ఊళ్ల క్రైస్తవ సంఘాన్ని, చూసుకునే గురువు, అందరికన్నా కింద, ఊళ్లోనే కాపురముండి జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి. పూజ చేయడం, జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినడం గురువు పని. వాటికి జనాన్ని సిద్ధం చేయడం నా పని. సిద్ధం కాకపోతే అక్షింతలు పడేది కూడా నాకే.

ఆ చలికాలంలో పీఠాధిపతి మా పల్లె గుడికి వచ్చి భద్రమైన అభ్యంగనం ఇస్తారని కబురొచ్చింది. జ్ఞానస్నానం పొందినవాళ్లను విశ్వాసంలో గట్టిపరచడానికి నుదుట పరిమళ తైలం పూసి ఇచ్చే సంస్కారం అది. ఇలాంటి సంస్కారాలనే మేము దేవద్రవ్యానుమానాలు అంటాం. ఆయన ఏళ్లకొకసారి గాని రారు. అంతకుముందు రెండుసార్లు ఆయన వచ్చినప్పుడు మా ఆడవాళ్లు కూలికి వలసపోయి ఉన్నారు. మగవాళ్లు బళ్లారి పనులకు పోయినప్పుడు అక్కడే పొందారు. మిగిలింది ఆడవాళ్లే. వాళ్లలో పెద్దది లూర్దమ్మ. కడుపున పుట్టిన కొడుకు పొంది తాను పొందలేదని ఆమెకు మహా దిగులు.

"ఈ తూరి తప్పితే నేను మట్టిలోకి పోయేలోపల మళ్లీ దొరుకుతాదా ఉపదేశయ్యా?" అని నన్ను నిలదీసింది.

ఆ ఏడూ వానలు మొండికేశాయి. జనం కాలువ తవ్వకానికి బయలుదేరారు. నేనూ పుస్తకం చంకన పెట్టుకొని వెంట పోయాను. గట్టున ఆడవాళ్లు వరసగా నిలబడి మట్టి తట్టలను చేతినుంచి చేతికి అందించుకునేవాళ్లు. నేను ప్రశ్న వేస్తే వరసలోంచి జవాబు వచ్చేది. దేవద్రవ్యానుమానాలు ఎన్ని, వాటిని స్థాపించింది ఎవరు, దివ్య సత్ప్రసాదం అంటే ఏమి, అన్నీ తడుముకోకుండా చెప్పేవాళ్లు. పని చురుగ్గా సాగుతోందని మేస్త్రీ కూడా సంతోషించాడు. నా అంత ఉపదేశి ఈ చుట్టుపక్కల లేడని నేననుకున్నాను.

అభ్యంగనం కోసం అందరం పల్లెకు తిరిగొచ్చాం. పీఠాధిపతి రావడానికి ముందురోజు పొద్దున గుడిలో విచారణ గురువులు పరీక్షకు కూర్చున్నారు. ఒక్కొక్కరినీ విడిగా అడగడం నియమం. జవాబు రాకపోతే అభ్యంగనం లేదు. గురువులు గుంటూరు వైపు మనిషి, మెత్తనివారే గాని నియమం దగ్గర రాయి. మొదట లూర్దమ్మను పిలిచి దేవద్రవ్యానుమానాలు ఎన్ని అని అడిగారు. ఆమె ఏ బెరుకూ లేకుండా చెప్పింది.

"ఆ జవాబు మా ఆరోగ్యమ్మది సామీ. నాది దాని ఎనకది."

గురువులు నా వైపు చూశారు. నేను గుడి కప్పు వైపు చూశాను. తర్వాత వచ్చినవాళ్లదీ అదే వరస. కాలువ గట్టున ఎవరి చోట వాళ్లు నిలబడి, పని పంచుకున్నట్టే జవాబులూ పంచుకున్నారు. రోజూ నాకు వినిపించింది పూర్తి పాఠమే. ఒక్కొక్కరి దగ్గర ఉన్నది మాత్రం ఒక్కొక్క ముక్క. గురువులు పుస్తకం మూసి, వీళ్ల సంగతి మళ్లీసారి చూద్దామన్నారు. లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయంత్రం దాకా గడువిమ్మని బతిమాలుకున్నాను. పొద్దుగూకేలోపు మళ్లీ అడుగుతాననీ, అప్పుడు కూడా రాకపోతే తనను ఏమీ అనవద్దనీ చెప్పి ఆయన లోపలికి పోయారు.

బయటికి వచ్చాక నాకేమీ పాలుపోలేదు. దారి చూపింది ఆరోగ్యమ్మ. ఆమె లూర్దమ్మ తోడికోడలు, మాటకారి. గుడి ముందు పీఠాధిపతి కోసం వేసిన పందిరి కింద గుంతలు పూడ్చే పని ఎట్లాగూ ఉంది, వరస కడదామంది. కాకపోతే ప్రతి తట్టకూ మనిషి ఒక చోటు జరగాలి, ఏ చోట నిలబడితే ఆ చోటి జవాబు చెప్పాలి. మొదట తడబడ్డారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. మధ్యాహ్నానికి గాడిన పడ్డారు. ఎండ దిగేసరికి గుంతలు పూడాయి, అందరూ అన్ని చోట్లా నిలబడి వచ్చారు.

ఈసారి గురువులు చివరినుంచి అడిగారు, నడిమినుంచి అడిగారు. ఎవరూ పక్కకు చూడలేదు. ఆఖరున లూర్దమ్మను పుస్తకంలో లేని ప్రశ్న అడిగారు. జ్ఞానస్నానం ఉండగా మళ్లీ ఇది ఎందుకమ్మా అన్నారు.

"బిడ్డప్పుడు అమ్మ ఎత్తుకుంటాది సామీ. పెద్దయినాక మన బరువు మనమే మోయాల గదా. దానికి బలం కావాల. ఆ బలం అడిగేకి వచ్చినా."

గురువులు ఒక్కరిని కూడా తిప్పి పంపలేదు. మరునాడు పీఠాధిపతి లూర్దమ్మ నుదుట తైలంతో సిలువ గుర్తు వేసి, ఆచారం ప్రకారం చెంప మీద మెల్లగా తట్టారు. విశ్వాసం కోసం దెబ్బకైనా ఓర్చుకోవాలని దాని అర్థం. ఆమె తల వంచకుండా, ఊరినే గెలిచినదానిలా నడిచి వచ్చింది. ఆ పూట మా తప్పెట్ల మోత పక్క ఊరిదాకా పోయింది. నేనూ చిందేశాను, గురువులు చూస్తుండగానే.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పదిమంది కలిసి చెప్పిన జవాబుతో తృప్తిపడలేదు. కలిపి నేర్పాను, విడిగా అడిగాను. తైలం ఊరికి పూయరు, ఒక్కొక్క నుదుటికే పూస్తారు.